పొడి మాస్టారు

పొడి మాస్టారికి ఈ లోకంలో పగవాళ్ళంటూ లేరు, ఒక్క తడి తప్ప.

మనిషి ఎదురైతే ఎవరైనా "బాగున్నారా?" అని అడుగుతారు. ఆయన "తడి లేదు కదా?" అని అడుగుతారు. అడిగి ఊరుకుంటారా? కుడిచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగంతో అవతలివాళ్ళ అరచేతిని తాకి చూస్తారు, జ్వరం చూసినట్టు. పొడిగా ఉంటే ఆయన ముఖం విచ్చుకుంటుంది. చెమటగా ఉంటే భుజం మీది తువ్వాలు తీసి ఇస్తారు. ఆ తువ్వాలు తడిసిందంటే ఇక దాన్ని ముట్టుకోరు, ఇంకోటి వేసుకుంటారు. ఇంట్లో అలాంటి తువ్వాళ్ళు పద్నాలుగు ఉన్నాయి. అన్నిటినీ ఉతికేది ఇల్లాలు.

ముప్ఫై రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఆ వయసులో కొందరు గులాబీలు పెంచుతారు, కొందరు పత్రికలకి ఉత్తరాలు రాస్తారు. మాస్టారు పెరట్లో రేకుల షెడ్డు వేసి లోహం కరిగించడం మొదలుపెట్టారు. పాత రంగు డబ్బాకి లోపల మట్టి మెత్తి కొలిమి చేశారు. తల ఆరబెట్టుకునే మిషనుతో దానికి గాలి పెట్టారు. ఆ మిషను ఇల్లాలిది. ఆ రోజు నుంచి ఆమె తలకి ఎండే గతి. తర్వాత ఎవరో వదిలించుకుంటుంటే, లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే ఒక పాత లేత్ మిషను తెచ్చారు. దాన్ని దించడానికి ఆరుగురు మనుషులు పట్టారు. గడప ఒకటి విరిగింది. ఆ షెడ్డులోకి వెళ్ళిన కారు పిస్టన్లు, కిటికీ చట్రాలు, చిల్లుపడ్డ గిన్నెలు ఎర్రగా కాలిన మూసలో పాలల్లా కరిగిపోయేవి.

ఇక తడి సంగతి. కరిగిన అల్యూమినియంలో ఒక్క నీటిచుక్క పడితే, అది చుక్కగా ఉండదు. రెప్పపాటులో ఆవిరై ఉబ్బి, పైనున్న లోహాన్నంతా మీదికి చిమ్ముతుంది. ఇది నిజమే. ఈ పని చేసే ప్రతివాళ్ళూ జాగ్రత్త పడతారు. కానీ మాస్టారి జాగ్రత్త షెడ్డు దాటింది, గడప దాటింది, వీధి దాటింది.

డాక్టరు ఇంజక్షన్ చెయ్యబోతూ దూదితో జబ్బ తుడిస్తే, "అది ఆరాక పొడవండి" అని పది నిమిషాలు కూర్చోబెట్టారు. క్షౌరశాలలో గడ్డానికి నురగ పెట్టనివ్వరు. పక్కింటివాళ్ళు కొత్తగా పుట్టిన పసివాణ్ణి చూపించడానికి తెస్తే, అందరూ పోలికలు వెతుకుతుంటే, ఆయన ఆ గుడ్డల కింద మెల్లగా చెయ్యి పెట్టి చూసి, "తడి!" అని గావుకేక పెట్టారు. పసివాడు హడలి ఏడ్చాడు. ఏడిస్తే కన్నీళ్ళు. మాస్టారు ఇంకో రెండడుగులు వెనక్కి వేశారు.

వాతావరణ కార్యాలయానికి ఎన్నిసార్లు ఫోను చేశారంటే, అక్కడి గుమాస్తా ఆయన గొంతు వినగానే, ఉపోద్ఘాతం లేకుండా, "మాస్టారూ, ఇవాళ పోసుకోండి, మబ్బు లేదు" అని పెట్టేసేవాడు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పోతకి, అంటే కరిగిన లోహం పోయడానికి, అచ్చు ఇసుకతో చెయ్యాలి. ఇసుక నిలబడాలంటే అందులో కాస్త చెమ్మ ఉండాలి. అంటే పగవాణ్ణి పిలిచి పీట వెయ్యాలి. మాస్టారు ఆ నీళ్ళని కళ్ళలో మందు వేసుకునే గొట్టంతో చుక్కచుక్కగా లెక్కపెట్టి పోసేవారు. గుప్పెడు ఇసుక పిసికి, వేళ్ళ గుర్తులు పడ్డాయో లేదో, విరిస్తే తెగినట్టు విరుగుతుందో లేదో చూసేవారు. మధ్యలో ఇల్లాలు పలకరిస్తే లెక్క తప్పి ఇసుకంతా పారబోసి మళ్ళీ మొదలు.

"ఏమండీ, టీ తాగుతారా?"

"నలభై ఒకటి... నలభై... అయ్యో! ఎన్నోది?"

"నాకేం తెలుసండీ, నేను టీ గురించి అడిగాను."

"టీ కూడా తడే!"

ఇదంతా చూసి వీధి నవ్వింది, పొడి మాస్టారు అని పేరు పెట్టింది. ఇల్లాలికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె లెక్క వేరు. ఇంత భయపడుతున్నాడంటే భయపడవలసింది ఏదో ఉందన్నమాట. భయం లేనివాడు నిప్పుతో ఆడితే తెలియక ఆడుతున్నాడనుకోవచ్చు. అన్నీ తెలిసి, నిలువెల్లా వణుకుతూ ఆడే మనిషిని ఏమనుకోవాలి?

పోత రోజున ఆయన చేతిలో ఒక కాగితం ఉండేది. అందులో నలభై మూడు ప్రశ్నలు. బట్టలు ఆరేసిన తీగ ఖాళీయేనా, పిల్లి ఎక్కడ, కుళాయి కట్టారా, బూట్లకి మంచు అంటిందా. ఒక్కొక్కటీ చదివి, ఆమె "అయింది" అంటే టిక్కు పెట్టేవారు. తర్వాత ఆమెని వీధిలోకి పంపి, తలుపు వేసేవారు. ఆమె అరుగు మీద కూర్చునేది. లోపల గాలి మిషను బుస్సుమంటుంటే గుండెలు అరచేతిలో పెట్టుకుని వినేది. భయంతో ఆమె గొంతు తడారిపోయేది. మాస్టారు చూస్తే సంతోషించేవారేమో.

అది చాలదన్నట్టు ఆమెకి ఇంకో దిగులు పట్టుకుంది.

ఏడాదిగా ఆ షెడ్డులో ఇన్ని పోతలు పోశారు కదా, ఇంట్లోకి ఒక్క వస్తువు రాలేదు. కుక్కరు పిడి విరిగి ఎనిమిది నెలలైంది. "వచ్చే పోతలో చూద్దాం" అంటారు. స్నానాలగది గడియ ఊడి ఆరు నెలలైంది. లోపలున్నవాళ్ళు పాట పాడుతూ స్నానం చెయ్యవలసి వస్తోంది. మరి ఏం పోస్తున్నారయ్యా అంటే, అరచేయంత దిమ్మ, మధ్యలో పెద్ద బెజ్జం, అటూ ఇటూ రెండు చిన్న బెజ్జాలు. చూడ్డానికి ఏదో పెద్ద జంతువు చెవిలా ఉండేది. దాన్ని లేత్‌కి బిగించి, బెజ్జాన్ని నున్నగా తొలిచి, వెంట్రుకవాసి కొలిచి, మళ్ళీ తొలిచేవారు. వెండి చుట్టల్లాంటి పొట్టు గుట్టలుగా పడేది. అది ఆమెకి పక్కలో దొరికేది, చెప్పుల్లో దొరికేది, ఒకసారి టీలో దొరికింది.

"ఇది దేనికండీ?"

"ఊరికే. చెయ్యి తిరగాలి కదా."

వారం తిరిగేసరికి ఇంకో చెవి పుట్టేది. పాత చెవి కనిపించేది కాదు. ఆమె లెక్కపెట్టింది: ఇరవై ఒక్క చెవులు పుట్టాయి, షెడ్డులో మిగిలింది ఒకటి.

పైగా రోజూ తెల్లవారగానే "నడకకి" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవారు. నడకకి వెళ్ళేవాళ్ళ సంచీ గణగణమని మోగదు. తిరిగి వచ్చేసరికి సంచీ ఖాళీ, బూట్ల నిండా నల్లటి ఇసుక. ఒకరోజు చొక్కా చేతికి మిరియపు గింజంత కాలిన చిల్లు ఉంది. ఆ రోజూ, ముందురోజూ ఇంట్లో పోత లేదు.

ఆమె ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. ఇక్కడిది చాలక ఇంకెక్కడో నిప్పు దగ్గరికి పోతున్నాడన్నమాట. ఆ మధ్యాహ్నమే తమ్ముడికి ఫోను చేసింది. "ఒరేయ్, ఉన్నపళంగా రా. మీ బావ మనకి దక్కేలా లేరు."

తమ్ముడు బీమా కంపెనీలో పరిశీలకుడు. కాలిపోయిన కొట్లు చూసి, అవి ఎందుకు కాలాయో రాయడం అతని ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా అదే పని కాబట్టి, ఏ ఇల్లు చూసినా అతని కళ్ళకి ముందు బూడిదే కనిపిస్తుంది. వచ్చీ రావడంతోనే షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కొలిమి చూసి, నూనె డబ్బా చూసి, ఒళ్ళంతా చెమటలు పట్టి నిలబడ్డాడు.

మాస్టారు ఎదురొచ్చి చెయ్యి చాపారు. తాకారు. ముఖం మాడిపోయింది.

"ఏమోయ్, చెరువులోంచి లేచొచ్చావా?"

"చెమట, బావా. కంగారు పడితే నాకు పడుతుంది."

"అయితే కంగారు పడకు."

"ఈ షెడ్డు చూశాక ఎలా పడకుండా ఉంటాను బావా?"

మాస్టారు ఒక్కొక్కటిగా మూడు తువ్వాళ్ళు అందించారు. మూడూ తడిశాయి. ఇలా కాదని సున్నంతో షెడ్డు గుమ్మానికి అవతల గీత గీసి, "ఇది దాటావంటే మన చుట్టరికం ఇక్కడితో సరి" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు మెల్లగా కదిపాడు. "బావా, ఈ వయసులో మీకెందుకండీ ఇది? హాయిగా పుస్తకాలు చదువుకోవచ్చు కదా."

"తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి విన్నాను, ఇవాళ చూశాను" అని మాస్టారు భార్య వైపు తిరిగారు. "వీణ్ణి పిలిపించింది నువ్వేనా?"

ఇల్లాలు ఆయన పళ్ళెంలో ఇంకో గరిటెడు పప్పు వడ్డించింది.

"సరే. రేపు పోత ఉంది. ఇద్దరూ చూడండి. ఎంత జాగ్రత్తగా చేస్తానో మీకే తెలుస్తుంది."

షెడ్డు వేశాక ఆయన ఆమెని పోత చూడనివ్వడం అదే మొదటిసారి. ఆమెకి నిద్ర పట్టలేదు.

తెల్లవారి నలభై మూడు ప్రశ్నలూ అయ్యాయి. ఆమె, తమ్ముడు గీత బయట నిలబడ్డారు. కొలిమి మూత సందులోంచి మంట నాలుకలు చాస్తోంది. మాస్టారు ముఖానికి అద్దపు కవచం, చేతులకి మోచేతుల దాకా తోలు తొడుగులు వేసుకుని, గ్రహాంతరవాసిలా ఉన్నారు. మూసలో లోహం కరిగి నిండుతోంది. "ఇంకొక్క పిస్టను వెయ్యాలి" అనుకుంటూ ఆయన అచ్చులు సరిచూడ్డానికి లోపలికి తిరిగారు.

తమ్ముడు మంచివాడు. ఏ పనీ చెయ్యకుండా నిలబడితే అతనికి చెమట ఇంకా ఎక్కువ పడుతుంది. గీత పక్కనే చెక్కపెట్టెలో పిస్టన్లు ఉన్నాయి. ఒకటి తీశాడు. నూనె జిడ్డు, మసి. బావకి శుభ్రమైనది ఇద్దామని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, తోమి, కడిగి, జేబురుమాలుతో అద్దంలా తుడిచి, గీత మీద పెట్టాడు. ఇదంతా అతను సదుద్దేశంతో చేశాడు. అతను రాసిన నివేదికల్లో సగం సదుద్దేశాలే.

మాస్టారు వచ్చి తళతళలాడుతున్న పిస్టను చూశారు. తొడుగు తీసి, వేళ్ళ వెనకభాగంతో తాకారు. పొడిగా ఉంది. పట్టకారుతో పట్టుకుని మూస మీదికి తీసుకువెళ్ళారు. ఇంకో జానెడు దించితే లోహంలో ఉంటుంది.

అక్కడ ఆగారు.

ఎందుకు ఆగారో ఆయనకే తెలియాలి. పట్టకారు వెనక్కి తీసి, పిస్టను పక్కకి తెచ్చి, నేల మీదికి వంచారు. పిస్టనుకి అడ్డంగా కడ్డీ దూరే బెజ్జం ఉంటుంది, చుట్టూ గాడులు ఉంటాయి. ఆ బెజ్జంలోంచి ఒక నీటిచుక్క జారి నేల మీద పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత సన్నగా ధార.

గాలి మిషను ఒక్కటే బుస్సుమంటోంది.

ఇల్లాలు తమ్ముడి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తమ్ముడు ఆ చుక్కల్నే చూస్తున్నాడు. ఒళ్ళు చల్లబడి అతని చెమట ఆగిపోయింది. ఆ రోజంతటికీ అతను పొడిగా ఉన్నది ఆ నిమిషంలోనే.

మాస్టారు తిట్టలేదు. మంట ఆర్పారు, మూత వేశారు, కవచం తీసి బల్ల మీద పెట్టారు. గీత దాటి వచ్చి ముందు తమ్ముడి ముఖం తడిమి చూశారు, తర్వాత ఆమె ముఖం. "మీకేం కాలేదు కదా?" అన్నారు. మళ్ళీ అన్నారు. మూడోసారి కూడా అన్నారు.

"ఏం కాలేదండీ. మీరు ఆపేశారుగా" అంది ఆమె.

"ఆపానా?" అన్నారు, ఎవరో చెబితే తెలిసినట్టు. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు.

తమ్ముడు అరుగు మీద తలపట్టుకుని కూలబడ్డాడు. "అక్కా, నేను వచ్చింది బావని కాపాడడానికి. కాపాడబోయి అందరినీ చంపేవాణ్ణే."

"నోర్ముయ్యరా" అంది ఆమె ప్రేమగా. కానీ ఆమె ఆలోచన వేరే చోట ఉంది. జరగబోయింది చూసి తామిద్దరూ భయపడ్డారు. ఆయన భయం అలా లేదు. జరిగిపోయినదాన్ని మళ్ళీ చూసినవాడిలా ఉన్నారు.

మధ్యాహ్నం టీ తీసుకువెళ్ళి పక్కన కూర్చుంది. "ఏమండీ, ఇలాంటిది మీరు ఇదివరకు చూశారా?"

మాస్టారు నీళ్ళు నమిలారు. నీళ్ళంటే గిట్టని మనిషి అంతసేపు నమలడం ఆమె ఎన్నడూ చూడలేదు. చివరికి, "టీ చల్లారిపోతోంది" అని కప్పు అందుకున్నారు.

మర్నాడు తెల్లవారగానే ఆయన యథాప్రకారం సంచీ భుజాన వేసుకున్నారు. అది మోగింది. ఆయన వీధి మలుపు తిరగగానే ఆమె చెప్పులు తొడుక్కుంది. తమ్ముడు వెంటపడ్డాడు.

"అక్కా, వద్దే. తెలియకుండా ఉంటేనే మంచివి కొన్ని ఉంటాయి."

"అది మీ కంపెనీ మాట. నడు."

రెండు వీధులు, ఒక వంతెన, ఒక గోడ పక్కనుంచి సన్నటి దారి. ఆయన ముందు, వీళ్ళు పిల్లి అడుగులతో వెనక. దారి చివర పోతకొట్ల సందు వచ్చింది. అటూ ఇటూ కలిపి పదకొండు కొట్లు. మసిపట్టిన గోడలు, చిల్లులుపడ్డ రేకుల కప్పులు, నేలంతా నల్లటి ఇసుక. కొలుములు అప్పుడే రాజుకుంటున్నాయి. ఒక్కొక్క కొలిమిలో మాస్టారి రంగు డబ్బాలాంటివి పది పడతాయి.

మాస్టారు మొదటి కొట్లోకి వెళ్ళారు. గోడ చాటునుంచి వీళ్ళు చూస్తున్నారు. లోపలున్న ఇద్దరు పనివాళ్ళు ఆయన్ని చూడగానే చేస్తున్న పని ఆపి, పొడుగుపిడి గరిటెలు తెచ్చి ముందుపెట్టారు.

"తడి లేదు కదా?"

"లేదు మాస్టారూ."

ఆయన గరిటె తాకారు. తుక్కు తాకారు. పనివాడి అరచెయ్యి తాకారు. రెండో కొట్లోకి వెళ్ళారు. అక్కడా అంతే. ఇల్లాలికి కాళ్ళు ఆగలేదు. ఆయన మూడో కొట్లో ఉండగా ఆమె మొదటి కొట్లోకి తొంగిచూసింది.

కొలిమి పక్క గోడకి ఒక చెవి ఉంది.

ఆ చెవి బెజ్జంలో నిలువు కడ్డీ, దాని పైన అటూ ఇటూ తిరిగే ఇనప చెయ్యి, చెయ్యి చివర జల్లెడలాంటి ఇనప పళ్ళెం. పళ్ళెంలో తుక్కు, పక్కన కొక్కానికి గరిటె. చెయ్యి తిప్పితే అదంతా పోయి కొలిమి వేడిగాలి మీద నిలుస్తుంది. అక్కడ చిటపటలాడుతూ ఆరుతుంది. ఆరాక వేలితో తోస్తే చాలు, వెనక్కి వచ్చేస్తుంది. వెంట్రుకవాసి కొలిచి తొలిచిన బెజ్జం మరి. ఎదురుకొట్లో కూడా చెవి ఉంది. దాని పక్కకొట్లో ఇంకొకటి.

"ఎవరు కావాలమ్మా?"

వెనక ఒక ముసలి మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి మోచేతి నుంచి కిందికి ముడతలుపడి మెరుస్తోంది, రెండు వేళ్ళు వంగి బిగుసుకున్నాయి.

"ఆ మాస్టారు... మా ఆయన" అంది.

మేస్త్రి ముఖం వెలిగింది. "అమ్మగారా! దేవుడే పంపాడు. అమ్మా, మీరైనా ఆయనకి కాస్త చెప్పాలి. రోజూ ఆయన పదకొండు కొట్లూ చూసేదాకా ఎవడూ పోత మొదలెట్టడానికి లేదు. గంట ఆలస్యం. చూడకుండా పోస్తే ఊరుకోడు, గుమ్మంలో కూర్చుంటాడు."

"మరి తలుపు వేసుకోకపోయారా?"

"వేశాం. కిటికీలోంచి అడిగాడు." మేస్త్రి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ చెప్పొద్దూ, ఆ ఇనప చేతులు గోడలకి బిగించాక ఈ సందులో ఒక్కసారి కూడా పేలలేదమ్మా. అంతకుముందు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఒళ్ళు కాల్చుకునేవాళ్ళు. ఆఖరివాణ్ణి నేను."

ఇల్లాలు ఆ చేతివైపు చూసింది. "ఇది ఎలా జరిగింది?"

"రెండేళ్ళ కిందట. మాస్టారు అప్పుడే నేర్చుకోవాలని మా దగ్గరికి వచ్చేవాడు. ఒకరోజు నాలుగు తుక్కు ముక్కలు తెచ్చి కరిగించి చూపించమన్నాడు. వేశాను. పేలింది. తను తెచ్చిన ముక్క వానలో తడిసిందంటాడాయన. కాదమ్మా, తడి నా గరిటెది. రాత్రంతా కప్పు కారింది, నేను చూసుకోలేదు."

"అబద్ధం!"

మాస్టారు గుమ్మంలో ఉన్నారు. భార్యని చూసి ఉలిక్కిపడలేదు. అంత కోపంలో ఉన్నారు. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? తడి నా ముక్కది. ఆ ముందురోజు సంచీ పెరట్లో వదిలేశాను, వాన పడింది."

"గరిటె నాది మాస్టారూ. నా గరిటె సంగతి నాకు తెలుసు."

"నా సంచీ సంగతి నాకు తెలుసు!"

"రెండేళ్ళుగా ఇదే గోలమ్మా" అన్నాడు పనివాళ్ళలో ఒకడు. "తప్పు నాదంటే నాదని. ఇద్దరిలో ఒక్కరూ తగ్గరు."

అప్పటికి మాస్టారికి భార్య అక్కడ ఎందుకుందో తట్టింది. కోపమంతా పాలపొంగులా చల్లారిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టారు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు భయపడతావని."

"మరి ఏడాదిగా అరుగు మీద కూర్చుని నేనేం చేస్తున్నాననుకున్నారు? పేలాలు వేయించుకుంటున్నానా?"

మేస్త్రి మొహం తిప్పుకుని నవ్వాపుకున్నాడు. మాస్టారు మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టారు. "నా వల్ల ఒక మనిషి చెయ్యి పోయింది. ఆ పని మానేస్తే నా మనసుకి హాయిగానే ఉండేది, కానీ వీళ్ళు మానలేరుగా. వీళ్ళకి బతుకు అదే. అందుకని ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాను, ఆ ఇనప చెయ్యి ఎలా తిరగాలో. మొదటి తొమ్మిది దిమ్మల్లోనూ కడ్డీ బిగుసుకుపోయింది" అన్నారు.

తమ్ముడు ఈలోగా సందంతా తిరిగి వచ్చాడు. ప్రతి కొట్లో చెవులు చూశాడు, గరిటెలు చూశాడు, తను కూడా వేళ్ళ వెనకభాగంతో తాకి చూశాడు. అతని చొక్కా ఆరిపోయింది. "అక్కా, ఈ సందులో నాలాంటివాడికి పని లేదు" అన్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆమె కూడా వెంట వెళ్తానంది. మాస్టారు వద్దన్నారు. "అక్కడ ప్రమాదం."

"అందుకే వస్తానంటున్నాను."

రెండు రోజులు ఇద్దరూ వెళ్ళారు. మూడోరోజు మాస్టారికి జలుబు చేసింది. ముక్కు కారుతున్న మనిషి కొలిమి దగ్గరికి పోకూడదని తనకి తనే ఆజ్ఞ వేసుకుని, ఏడో తువ్వాలు ముఖానికి అడ్డుపెట్టుకుని మంచమెక్కారు. ఆమె ఒక్కతే వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మేస్త్రి పరామర్శకి వచ్చాడు. మంచం పక్క కూర్చుని అటూ ఇటూ చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోందని నిర్ధారణ చేసుకుని వంగాడు.

"మాస్టారూ, ఎలా ఉంది?"

"తగ్గుతోంది. ఇవాళ కొట్లలో అన్నీ సవ్యంగా జరిగాయా?"

"జరగడమా? మీరు గరిటెని ఒకసారి తాకి వదిలేస్తారు. అమ్మగారు రెండువైపులా తాకింది. తుక్కులో ప్రతి ముక్కనీ బోర్లించి దులిపించింది. చెప్పులతో ఉన్నవాళ్ళని ఇంటికి పంపి బూట్లు తొడుక్కు రమ్మంది. తర్వాత తల ఎత్తి కప్పు చూసింది."

"కప్పా?"

"కప్పే. చిల్లులు లెక్కపెట్టింది. పదకొండు కొట్లకీ కలిపి అరవై నాలుగట. ఇవి పూడ్చేదాకా ఒక్క కొలిమీ వెలగడానికి వీల్లేదని సందు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. మేం ముప్ఫై మందిమి మాస్టారూ. ఒక్కడికీ నోరు పెగల్లేదు."

మాస్టారు మంచం మీద లేచి కూర్చున్నారు. రెండేళ్ళుగా ఆయన గరిటెలే చూశారు, తుక్కే చూశారు. తల ఎత్తి కప్పు చూడాలని ఒక్కనాడూ తోచలేదు. "పూడ్చారా?"

"పూడ్చక? ఇప్పుడే నిచ్చెన దిగి వస్తున్నాను." మేస్త్రి ఇంకా దగ్గరికి జరిగాడు. "మాస్టారూ, రేపటికి మీకు నయమైపోతుంది కదూ? మీరే వస్తారు కదూ?"

మాస్టారు వంటింటి వైపు చూసి లోలోపల నవ్వుకున్నారు. తర్వాత ఎంతో ఓపిక లేనివాడిలా వెనక్కి వాలి, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

"ఇంకో వారమైనా పట్టేట్టుందయ్యా" అన్నారు.